మీటరు చెప్పిన లెక్క

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె ఉంది. అక్కడ పట్టు చీరలు నేస్తారు. చేతిమగ్గాలు ఉన్నాయి. కరెంటుతో నడిచే మరమగ్గాలు కూడా ఉన్నాయి.

అక్కడ ఒక షెడ్డులో రెండు మరమగ్గాలు ఉన్నాయనుకుందాం. ఒకరోజు యజమాని, నేత పని చేసే ఆమెతో ఇట్లా అన్నాడు:

"కరెంటు బిల్లు చానా వచ్చిందమ్మా. 600 యూనిట్లు. ఈ తూరి మజూరీ తగ్గించాల్సొస్తాది."

"అన్నా, ఆ బిల్లు ఇట్లీ. బిల్లు కొట్టిన రోజు మీటరు అంకె నేను రాసిపెట్టినా" అంది ఆమె.

ఆమె నోటుబుక్కులో 4580 అని ఉంది. బిల్లులో 4850 అని ఉంది. 5, 8 అంకెలు తారుమారయ్యాయి! పోయిన నెల అంకె 4250.

4580 – 4250 = 330

వాడింది 330 యూనిట్లే. ఆ నెల నేసిన చీరలు 22. అంటే చీరకు 15 యూనిట్లు. పోయిన నెల 300 యూనిట్లకు 20 చీరలు నేశారు. అప్పుడూ చీరకు 15 యూనిట్లే. ఖర్చు పెరగలేదు. బిల్లు తీసుకుని ఇద్దరూ కరెంటు ఆఫీసుకు పోయారు. బిల్లు సరిచేశారు. మజూరీ తగ్గలేదు.

యూనిట్ అంటే ఏమిటి?

బియ్యాన్ని కిలోల్లో తూస్తాం. పాలను లీటర్లలో కొలుస్తాం. కరెంటును యూనిట్లలో కొలుస్తారు. 100 వాట్ల బల్బు 10 గంటలు వెలిగితే ఒక యూనిట్. 1000 వాట్ల యంత్రం ఒక్క గంట నడిచినా ఒక యూనిటే.

మీటరులో చాలా అంకెలు మారుతుంటాయి. 'కె.డబ్ల్యు.హెచ్.' అనే గుర్తు ఉన్న అంకెనే రాసుకోవాలి. చుక్క తర్వాతి అంకెను వదిలేయాలి.

పెద్ద ఫ్యాక్టరీల్లో ఎట్లా?

కుప్పం ప్రాంతంలో గ్రానైట్ దొరుకుతుంది. ఆ రాళ్లు కోసే యంత్రాలకు చాలా కరెంటు కావాలి. అంత కరెంటూ నేరుగా మీటరు గుండా పోదు. అందులో కొద్ది భాగమే పోతుంది. అది ఇరవయ్యో వంతు అనుకుందాం. అప్పుడు వచ్చిన తేడాను 20తో గుణించాలి. తేడా 100 అయితే, వాడింది 2,000 యూనిట్లు.

కరెంటు తయారీ కొలత

తయారైన కరెంటుకు కూడా కొలత యూనిటే. పుంగనూరు ప్రాంతంలో వేరుశనగ పండుతుంది. ఒక నూనె మిల్లులో కరెంటు పోయినప్పుడు డీజిల్ జనరేటర్ వేశారనుకుందాం. లీటరు డీజిలుకు సుమారు 3 యూనిట్లు రావాలి. 10 లీటర్లు పోస్తే 20 యూనిట్లే వచ్చాయా? అయితే జనరేటర్‌ను మెకానిక్కుకు చూపించాలి.

కడప జిల్లాలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ బొగ్గుతో కరెంటు తీస్తారు. అక్కడి 210 మెగావాట్ల యంత్రం ఒకటి నిండుగా గంట నడిస్తే 2,10,000 యూనిట్లు వస్తాయి. అందులో కొంత ఆ కేంద్రం నడవడానికే ఖర్చవుతుంది. దానినీ కొలుస్తారు. మిగిలిందే బయటికి వస్తుంది.

గుర్తుంచుకోండి

బిల్లు కొట్టిన రోజు మీటరు అంకె రాసుకోండి. ఎంత సరుకు తయారైందో పక్కనే రాయండి. యూనిట్లను సరుకుతో భాగించండి. ఆ లెక్క పెరిగితే కారణం వెదకండి. మగ్గం ఊరికే తిరుగుతోందా? మోటారు పాతబడిందా? బిల్లే తప్పా?

చేసి చూడండి

పోయిన నెల అంకె 2310. ఈ నెల అంకె 2385. ఎన్ని యూనిట్లు వాడారు? 5 చీరలు నేస్తే, చీరకు ఎన్ని యూనిట్లు?