రేఖాగణిత బోధన: ఘనం నుండి తలానికి

పసితనం నుండి బిడ్డ చేతికి అందేవన్నీ ఘనవస్తువులే. గిలక, బంతి, చెంబు, అగ్గిపెట్టె - వీటిలో పొడవు, వెడల్పు, ఎత్తు లేనిది ఒక్కటీ లేదు. ఎత్తు లేని ఆకారం ఆ బిడ్డకు మొట్టమొదట ఎదురయ్యేది పలక మీద, పుస్తకంలో. అయినప్పటికీ మాధ్యమిక తరగతుల రేఖాగణితం తరచుగా బిందువుతో, రేఖతో మొదలై, త్రిభుజ చతుర్భుజాల మీదుగా సాగి, చిట్టచివరకు ఘనాకృతులను చేరుతుంది. తర్కానికి ఈ క్రమం సరిపోతుంది. పన్నెండేళ్ల విద్యార్థి అనుభవానికి మాత్రం ఇది తలక్రిందులు.

ఢిల్లీలో ఏడవ తరగతి చదువుతున్న ఒక తెలుగు బాలుడు కొన్నేళ్ల క్రితం తన నోటు పుస్తకం తెచ్చి నన్నొక ప్రశ్న అడిగాడు. "సమఘనం ముఖాలన్నీ చతురస్రాలేనని చెప్పారు. మరి ఈ బొమ్మలో పక్క ముఖం ఏటవాలుగా ఎందుకుందండీ?" నల్లబల్ల మీద ఉన్నట్లే గీయమనీ, నిర్వచనం కంఠస్థం చేయమనీ తరగతిలో అతనికి సమాధానం వచ్చిందట. ఆ బాలుడు మందమతి కాడు. తాను చదివిన మాటకూ, చూచిన బొమ్మకూ పొత్తు కుదరలేదని గ్రహించినవాడు. అటువంటి ప్రశ్నను అణచివేస్తే విద్యార్థి గణితంలో తన కంటిని నమ్మడం మానివేస్తాడు. నష్టం ఒక పాఠంతో ఆగదు.

పెట్టెతో మొదలుపెట్టాలి

ఖరీదైన పరికరాలు అవసరం లేదు. సుద్దముక్కల అట్టపెట్టె ఒకటి చాలు. దానిని చేతితో తడిమి ముఖాలు ఆరు, అంచులు పన్నెండు, శీర్షాలు ఎనిమిది అని విద్యార్థే లెక్కించాలి. పిమ్మట పెట్టెను కాగితంపై ఉంచి, చుట్టూ పెన్సిలుతో గీయాలి. పెట్టె తీసివేయగానే ఒక దీర్ఘచతురస్రం మిగులుతుంది. తలాకృతి అంటే ఏమిటో ఇంతకంటె స్పష్టంగా చెప్పే నిర్వచనం లేదు. అది ఘనవస్తువు కాగితంపై విడిచిన జాడ.

రెండవ మెట్టు పెట్టెను విప్పడం. అంచుల వెంట కత్తిరించి పరచినప్పుడు ఆరు ముఖాలూ ఒకే తలంపైకి వస్తాయి. దీనిని వలరూపం అంటారు. సమఘనానికి ఇటువంటి వలరూపాలు సరిగ్గా 11 ఉన్నాయి. ఆరు చతురస్రాలను ఒకే వరుసలో గీస్తే మాత్రం పెట్టె మూసుకోదు. ఎందుకు మూసుకోదో మడిచి తెలుసుకున్న విద్యార్థి దానిని మరువడు.

మూడవ మెట్టు చూపు. చెంబు మూతను పైనుండి చూస్తే వృత్తం, పక్కనుండి చూస్తే సన్నని గీత. నిలబెట్టిన పౌడరు డబ్బా పైనుండి వృత్తం, పక్కనుండి దీర్ఘచతురస్రం. శంఖువు పైనుండి వృత్తమే, పక్కనుండి త్రిభుజం. ఒక్క చూపుతో వస్తువు పూర్తిగా తెలియదన్నది ఇక్కడి పాఠం. మన బాలుని ప్రశ్నకు జవాబు కూడా ఇదే. కాగితంపై సమఘనాన్ని గీసేటప్పుడు ముందు ముఖాన్ని ఉన్నదున్నట్లు ఉంచి, పక్క ముఖాలను వాల్చి చూపడం మనం చేసుకున్న ఒక ఏర్పాటు. వాలినది బొమ్మే గాని పెట్టె కాదు.

నాలుగవ మెట్టు లెక్క. ముఖాలను, శీర్షాలను కూడితే అంచుల కంటె రెండు ఎక్కువ వస్తాయి. పెట్టెకు 6, 8 కలిసి 14, అంచులు 12. చతురస్రం పీఠంగా గల పిరమిడ్‌కు 5, 5 కలిసి 10, అంచులు 8. త్రిభుజాకార పట్టకానికి 5, 6 కలిసి 11, అంచులు 9. 18వ శతాబ్దిలో ఆయిలర్ అనే గణితవేత్త వెల్లడించిన ఈ నియమం, లోపలికి నొక్కుళ్లు గాని రంధ్రాలు గాని లేక, సమతల ముఖాలతో మూసుకున్న ఘనాలన్నిటికీ వర్తిస్తుంది. దీనిని ముందు చెప్పరాదు. పట్టిక వేసి పిల్లలే కనుగొనేటట్లు చేయాలి.

పేర్లలోని చిక్కు

హిందీ పాఠాలను తెలుగు చేసేటప్పుడు మరొక విషయం నా అనుభవానికి వచ్చింది. హిందీలో 'వర్గ్' అంటే చతురస్రం కూడా. తెలుగులో వర్గం అంటే సంఖ్యను అదే సంఖ్యతో గుణించగా వచ్చేది మాత్రమే. మొదట్లో నేను 'వర్గాకార ముఖం' అని వ్రాసి, చదివినవారు తెల్లబోగా దిద్దుకున్నాను. హిందీవారి 'ఆయత్' మన దీర్ఘచతురస్రం. వారి 'ఘనాభ్' మన దీర్ఘఘనం. దీర్ఘచతురస్రం, దీర్ఘఘనం అనే జంటలో తలానికీ ఘనానికీ గల చుట్టరికం పేరులోనే వినిపిస్తుంది. ఈ సౌకర్యం తెలుగుది.

మరొక చోట సౌకర్యం హిందీది. మనం స్థూపం అనే ఆకృతిని వారు 'బేలన్' అంటారు. అది వంటింట్లో రొట్టెలు వత్తే కర్ర, అంటే మన అప్పడాల కర్ర. వినగానే ఆకారం కళ్లకు కడుతుంది. అమరావతి స్తూపాన్ని ఎరిగిన తెలుగు విద్యార్థికి మాత్రం స్థూపం అనగానే గుండ్రని అండాకృతి తోచవచ్చు. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఢిల్లీలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని నెలకొల్పిన నాటి నుండి, రాజధానిలో తెలుగు పిల్లల చదువు రెండు మూడు భాషల నడుమ సాగుతున్నది. అటువంటి తరగతిలో వస్తువును చేతికిచ్చి, రెండు పేర్లూ చెప్పడమే మంచి పద్ధతి. వస్తువు చేతిలో ఉంటే పేరు మారినా భావం చెదరదు.

రాతి కట్టడాల పాఠం

ఢిల్లీ నడిబొడ్డున ఇందుకు చక్కని ప్రయోగశాల ఒకటి ఉన్నది. సవాయి జయసింహుడు 1724లో నిర్మింపజేసిన జంతర్ మంతర్ అది. అక్కడి సమ్రాట్ యంత్రం నడిమి గోడ ఒక లంబకోణ త్రిభుజం. దాని ఏటవాలు అంచు భూమితో చేసే కోణం ఢిల్లీ అక్షాంశానికి సమానం, అంటే సుమారు 28 డిగ్రీల 37 నిమిషాలు. ఆ అంచు ధ్రువం వైపు చూస్తుంది. రామయంత్రం పైకప్పు లేని స్థూపాకార కట్టడాల జంట. ఒక్కొక్కదానిలో నడుమ స్తంభం ఉన్నది. స్తంభం నుండి గోడకు గల దూరం గోడ ఎత్తుకు సమానం కావడం వల్ల, సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు స్తంభాగ్రపు నీడ గోడ మొదట పడుతుంది. జయప్రకాశ యంత్రం ఆకాశాన్ని బోర్లించి చూపే అర్ధగోళపు గిన్నెల జంట.

ఢిల్లీకి రాలేని విద్యార్థులు నిరాశపడనక్కరలేదు. హైదరాబాదు అక్షాంశం సుమారు 17 డిగ్రీల 22 నిమిషాలు. విజయవాడది సుమారు 16 డిగ్రీల 30 నిమిషాలు. తమ ఊరి కోణంతో అట్టముక్కపై లంబకోణ త్రిభుజం కత్తిరించి, ఉత్తర దక్షిణాలుగా, వాలు ఉత్తరానికి ఎగబాకేటట్లు ఆరుబయట నిలబెడితే, రాత్రివేళ ఆ వాలు వెంట చూపు సారించినవారికి ధ్రువనక్షత్రం కనిపిస్తుంది.

చేతులు మారిన విద్య

జయసింహుని ఆస్థానంలోని జగన్నాథ సమ్రాట్టు యూక్లిడ్ గ్రంథాన్ని 'రేఖాగణితం' పేర సంస్కృతీకరించాడు. ఆయనకు ఆధారం 13వ శతాబ్దికి చెందిన నసీరుద్దీన్ తూసీ అరబ్బీ పాఠం. గ్రీకు నుండి అరబ్బీకి, అరబ్బీ నుండి సంస్కృతానికి ఆ త్రిభుజాలు చెక్కుచెదరక వచ్చాయి. అంతకు చాలా ముందే, 11వ శతాబ్దిలో, పావులూరి మల్లన కన్నడదేశపు జైన పండితుడైన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. క్షేత్రాల కొలతలూ, త్రవ్విన గోతుల ఘనపరిమాణాలూ ఆ సంస్కృత గ్రంథంలో ప్రకరణాలే. నేల కొలిచేవాడికీ, చెరువు త్రవ్వేవాడికీ పనికివచ్చే గణితం అది.

ప్రశ్న అడిగిన బాలునికి నేను ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. ఖాళీ పెట్టెను, కత్తెరను చేతికిచ్చాను. అతడు అంచుల వెంట కత్తిరించి, పరచి, మూలమట్టం తెచ్చి ఒక్కొక్క మూలనూ కొలిచాడు. ఇరవై నాలుగు మూలలూ లంబకోణాలే అయినవి. మరలా మడిచి పెట్టెను నిలబెట్టి, "బొమ్మే వాలిందండీ" అన్నాడు.