పేగు పుండ్లకు వంటింటి మందు చాలునా?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లలో కడుపు బాగాలేదంటే మొదట తీసేది పోపుల డబ్బానే. వాము, తెల్లగడ్డ, పసుపు, కలోంజి చేతికందుతాయి. అజీర్తికి ఇవి చాలు. మా దగ్గర పదో తరగతి చదివిన ఒక అమ్మాయికి మాత్రం మలంలో నెత్తురు పడేది. సిగ్గుపడి చాలాకాలం చెప్పలేదు. చెప్పాక, "పేగుల్లో బూజు చేరింది, తెల్లగడ్డ రసంతో పోతుంది" అని ఎవరో అంటే, ఇంట్లోవాళ్లు నెలల తరబడి అదే తాగించారు. పరీక్ష చేయించేనాటికి పెద్దపేగు నిండా పుండ్లు. బిడ్డ ఆ ఏడు పబ్లిక్ పరీక్షలకు కూర్చోలేకపోయింది. అందుకే ఈ పాఠం రాస్తున్నాము.

జబ్బు ఏమిటి?

ఒంట్లోని రక్షణ వ్యవస్థ అదుపు తప్పి పేగులకే వాపు, పుండ్లు తెస్తుంది. ఇందులో ముఖ్యమైనవి రెండు: అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి. ఇవి పట్నం జబ్బులనుకునేవారు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు తెలంగాణ పల్లెల్లోనూ వీటిని గుర్తించారు. పేగు క్షయ కూడా చూడటానికి క్రోన్స్ లాగే ఉంటుంది, చికిత్స వేరు. కనుక ఊహించి మందు వేయరాదు.

బూజు మాట నిజమేనా?

కొంత నిజమే. చుండ్రుకు సంబంధించిన మలసీజియా అనే శిలీంధ్రం కొందరు క్రోన్స్ రోగుల పేగుల్లో ఎక్కువగా ఉందనీ, ఎలుకల్లో పేగువాపును పెంచిందనీ అమెరికా శాస్త్రజ్ఞులు 2019లో చూపారు. తెల్లగడ్డ, వాము, కలోంజిలోని పదార్థాలు గాజుపాత్రలో శిలీంధ్రాలను అణచగలవు. అయితే గాజుపాత్ర వేరు, పుండుపడిన పేగు వేరు. బూజును చంపినంత మాత్రాన ఈ జబ్బు నయమవుతుందని రుజువు కాలేదు.

పసుపు సంగతి

జపాన్‌లో 2006లో, జబ్బు అదుపులో ఉన్న 89 మంది కొలైటిస్ రోగులపై పరీక్ష జరిగింది. మామూలు మందుతోపాటు రోజుకు 2 గ్రాముల కుర్కుమిన్ తీసుకున్న 43 మందిలో ఇద్దరికే ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టింది. మందు మాత్రమే వాడిన 39 మందిలో 8 మందికి తిరగబెట్టింది. ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. పసుపులో కుర్కుమిన్ సాధారణంగా నూటికి 2 నుంచి 5 పాళ్లు. 2 గ్రాములు రావాలంటే రోజుకు కనీసం 40 గ్రాముల పసుపు తినాలి! పైగా వారెవరూ మందు మానలేదు. కుర్కుమిన్ మాత్రలతో కొందరికి కాలేయం దెబ్బతిన్నది కూడా. డాక్టరును అడగనిదే వాడరాదు.

మనం చేయవలసింది

మలంలో నెత్తురు పడినా, విరేచనాలు వారాల తరబడి తగ్గకపోయినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయక ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి. పంపితే కడప రిమ్స్‌కు వెళ్లాలి. ముఖ్యంగా ఆడపిల్లలను తల్లులే అడిగి తెలుసుకోవాలి.

దాతలకు మా మనవి ఒక్కటే. కొలనోస్కోపీ ఖర్చు ఒక్కరోజుది, మందుల ఖర్చు ఏళ్ల తరబడిది. నొప్పి తగ్గిందనో, డబ్బు లేదనో మధ్యలో మానితే జబ్బు మళ్లీ వస్తుంది. ఒక రోగికి ఏడాది మందులకు పూచీ పడండి. మా అమ్మాయి మందు మానకుండా వాడి, మరుసటి ఏడు పరీక్ష రాసి పాసయింది.