పన్ను ఇంప్లాంట్‌కు ముందు ఎముక గ్రాఫ్ట్ అవసరమా?

పన్ను తీసేశాక దాన్ని పట్టుకుని ఉన్న దవడ ఎముకకు నమిలే ఒత్తిడి అందదు; అది కరగడం మొదలవుతుంది. ఏడాదిలో దవడ గట్టు వెడల్పు దాదాపు సగం తగ్గిపోవచ్చు. అంత సన్నటి ఎముకలో ఇంప్లాంట్ మర నిలవదు కాబట్టి గ్రాఫ్ట్ వేస్తారు, అంటే తగ్గిన చోట ఎముకను గానీ ఎముకలాంటి పదార్థాన్ని గానీ నింపుతారు.

గ్రాఫ్ట్ చేసేది ప్రధానంగా పందిరి పని. దాని మీదుగా రోగి రక్తనాళాలు, కణాలు పాకి కొత్త ఎముకను కడతాయి. రోగి సొంత ఎముకలో జీవకణాలు కూడా ఉంటాయి కనుక ఇప్పటికీ దానిదే పైచేయి. విరిగి ఎంతకీ అతుక్కోని కాలి ఎముకలకు ఆర్థోపెడిక్ వైద్యులు దాన్ని తరచూ తుంటి ఎముక అంచు నుంచి తీస్తారు. తీసినచోట కొన్నాళ్లు నొప్పి ఉంటుంది. అయితే దవడకు కావలసింది కొంచెమే. శుద్ధి చేసిన దాత ఎముక, పశువుల ఎముక పొడి, కృత్రిమ కాల్షియం ఫాస్ఫేట్‌లలో ఏదో ఒకటి చాలాసార్లు సరిపోతుంది. పశువుల పదార్థంపై అభ్యంతరం ఉన్నవారు ఏది వాడుతున్నారో ముందే అడగడం మంచిది.

గ్రాఫ్ట్ కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 నెలలు పడుతుంది. పొగతాగడం, అదుపులో లేని షుగర్ దాన్ని దెబ్బతీస్తాయి. ఎముక తగినంత ఉన్నవారికి గ్రాఫ్ట్ అక్కర్లేదు. ఆ సంగతి దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్‌లో తేలుతుంది.