వార్డు తాళాలు చేతికి రాకముందే



మన విచారణలలో ఏ వీధికి వెళ్ళినా నర్సు ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. తల్లి నర్సు, కూతురు నర్సు, వచ్చిన కోడలు కూడా నర్సే అయిన కుటుంబాలు మనకు కొత్త కాదు. అటువంటి ఇంటిలో "అమ్మాయికి ప్రమోషన్ వస్తుందట, వార్డు ఇన్‌చార్జి అవుతుందట" అన్న మాట వినపడగానే స్వీటు పెట్టెలు వస్తాయి. జీతం ఎంత పెరుగుతుందని బంధువులు అడుగుతారు. ఆర్డరు అందిన మరునాడు ఉదయం వార్డులో అడుగుపెట్టి ఈ అమ్మాయి ఏమి చేస్తుంది అని మాత్రం ఎవరూ అడగరు. చాలాసార్లు ఆ అమ్మాయి కూడా అడుక్కోదు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉండి రిటైరైన దానిని. అందుచేత నర్సుల మాటే చెబుతున్నాను. బడిలో హెడ్‌మాస్టరు కాబోయేవారు, బ్యాంకులోనో ఫ్యాక్టరీలోనో పదిమంది మీద బాధ్యత తీసుకోబోయేవారు తమకు సరిపోయినంత ఇందులోంచి ఏరుకోవచ్చు.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. నేను కొత్తగా ఇన్‌చార్జి అయిన ఆసుపత్రిలో వస్తువులు పోతూ ఉండేవి. కత్తెరలు, థర్మామీటర్లు, చివరకు ఆక్సిజన్ సిలిండర్ తిప్పే తాళం కూడా రెండుసార్లు పోయింది. మూడోసారి కొన్న తాళాన్ని నేను నా బీరువాలో పెట్టి, బీరువా తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకోవడం మొదలుపెట్టాను. ఇంత జాగ్రత్తగల ఇన్‌చార్జి ఈ ఆసుపత్రిలో ఇంకొకరు లేరని నాలో నేనే మురిసిపోయాను కూడా. ఒక ఆదివారం నాకు వీక్లీ ఆఫ్. ఆ రాత్రి ఒక పెద్దాయనకు ఆయాసం ఎక్కువైంది. సిలిండర్ మంచం పక్కనే ఉంది, నిండుగా ఉంది. తాళం నా బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి మా ఇంట్లో, గోడకు తగిలించిన బ్యాగులో ఉంది. నైట్ డ్యూటీ అమ్మాయి పక్క వార్డుకు పరుగెత్తి వాళ్ళ తాళం తెచ్చింది. పెద్దాయన బతికాడు. ఆ పరుగు పట్టిన నిమిషాలు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుకు వస్తూ ఉంటాయి.

మరునాడు మా నర్సింగ్ సూపరింటెండెంటు నన్ను తిట్టలేదు. "నువ్వు లేనప్పుడు ఆ తాళం ఎక్కడుంటుందమ్మా?" అని ఒక్క మాట అడిగారు. నా దగ్గర జవాబు లేదు. సాయంత్రానికల్లా ఆ తాళాన్ని ఒక గొలుసుతో సిలిండర్ బండికే కట్టించాను. అయిదు నిమిషాల పని అది.

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు వినని నర్సు ఉండదు. ఆమె 1859లో రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో చిన్నచిన్న నిర్వహణ పనుల గురించి ఒక అధ్యాయం ప్రత్యేకంగా ఉంది. నువ్వు దగ్గర ఉన్నప్పుడు జరిగే పని నువ్వు లేనప్పుడూ జరిగేటట్లు చూడగలిగితేనే నువ్వు బాధ్యురాలివి అన్నది ఆ అధ్యాయం సారం. అది లేకపోతే ఎంత మంచి సేవ అయినా చెడిపోతుందని ఆమె అభిప్రాయం. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం ఈ సంగతి నేనూ చదివాను, మార్కులూ తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం ఆ సోమవారం ఉదయమే.

కాబట్టి ప్రమోషన్ లిస్టులో మీ పేరు ఉందని తెలిసిన రోజునుంచే ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. మీరు సెలవు పెట్టి తిరిగి వచ్చిన ప్రతిసారీ, మీరు లేకపోవడం వల్ల ఏ పని ఆగిందో అందులో రాయండి. ఇండెంటు వెళ్ళలేదా? ఎమర్జెన్సీ ట్రేలో వాడిన మందు మళ్ళీ పెట్టలేదా? లారింగోస్కోపు బ్యాటరీ చూడలేదా? "చూశారా, నేను లేకపోతే ఏదీ జరగదు" అని సంతోషించే స్వభావం మనలో చాలామందికి ఉంటుంది. స్టాఫ్ నర్సుగా ఉన్నప్పుడు అది మంచి పేరే తెస్తుంది, ఇన్‌చార్జి అయ్యాక రోగికి అపాయం తెస్తుంది. మూడు నెలల్లో ఆ పుస్తకంలో ఒక పది పేజీలు నిండితే, మీరు మొదటి నెలలో ఏమేమి సరిచేయాలో మీకే తెలిసిపోతుంది.

ఇక డ్యూటీ లిస్టు. బయటివారికి అది గోడకు అంటించిన ఒక కాగితం. లోపలివారికి అందులో పిల్లల పరీక్షలున్నాయి, అత్తగారి కంటి ఆపరేషన్ ఉంది, చెల్లెలి పెళ్ళి ఉంది. ఇప్పటి ఇన్‌చార్జిని బతిమాలి అయినా సరే, "అక్కా, వచ్చే నెల లిస్టు నేను వేస్తాను, మీరు దిద్దండి" అని అడిగి తీసుకోండి. చాలామంది సంతోషంగా ఇస్తారు, ఎందుకంటే అది ఎవరికీ ఇష్టం లేని పని.

వేయడం మొదలుపెట్టగానే లెక్క మీకు తెలుస్తుంది. వార్డుకు ఏడుగురు నర్సులు ఉన్నారనుకోండి. వారానికి ఒక ఆఫ్ పోగా ఒక్కొక్కరివి 6 డ్యూటీలు, మొత్తం 42. ఉదయం ఇద్దరు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రికి ఒకరు కావాలంటే రోజుకు 5, వారానికి 35. మిగిలినవి 7. అబ్బో, ఏడు మిగిలాయి అనుకుంటారు. నైట్ చేసినవారికి నైట్ ఆఫ్‌లు ఇవ్వాలి, ఒకరికి క్యాజువల్ లీవు, ఒకరికి జ్వరం, ఒకరిని ట్రైనింగుకు పంపమని ఉత్తరం. అంతటితో ఏడూ అయిపోతాయి. ఎనిమిదవది వచ్చినప్పుడు ఎవరిని అడగాలి? అడగగానే వచ్చే మెత్తని మనిషినే మళ్ళీ మళ్ళీ అడుగుతాం. ఆమె నోరెత్తదు గనుక ఆమెకే అన్యాయం జరుగుతుంది. అందుకని అదనపు డ్యూటీ ఎవరు ఎప్పుడు చేశారో, పండుగ రాత్రి ఎవరు ఉన్నారో తేదీతో రాసిపెట్టుకోండి. కిందటి క్రిస్మస్ రాత్రి మన కోసం డ్యూటీ చేసిన హిందూ సోదరికి సంక్రాంతికి ఇంటికి వెళ్ళే హక్కు ఉంది, రంజాన్ నాడు సెలవు కావలసిన సోదరికీ ఉంది. ఇది ఆ సోదరీమణుల వద్ద మనం తీసుకున్న అప్పు, మరచిపోవడం సులభం గనుకనే రాసిపెట్టుకోవాలి. ఇంకొకటి, మీరు ఇన్‌చార్జి అయిన మొదటి సంవత్సరం పండుగ రోజు వార్డులో మీరూ కాసేపైనా కనబడండి.

తరువాతిది అన్నిటికంటే కష్టమైనది. నిన్నటిదాకా ఒకే టిఫిన్ క్యారియర్‌లో అన్నం తిన్న స్నేహితురాలు రేపు ఆలస్యంగా వస్తుంది. "ఏమే, బస్సు దొరకలేదే" అంటుంది. మీరు నవ్వి ఊరుకుంటే మిగిలిన అయిదుగురూ చూస్తారు. గట్టిగా మాట్లాడితే "కుర్చీ ఎక్కగానే కళ్ళు నెత్తికెక్కాయి" అంటారు. ఈ చిక్కు ఆర్డరు వచ్చాక విప్పడం కష్టం, ముందే విప్పుకోవాలి. స్నేహితురాలితో ఒక రోజు టీ తాగుతూ చెప్పండి: "చూడు, వచ్చే నెలనుంచి నేను లిస్టు వేస్తాను. నీకు ఇష్టం లేని డ్యూటీ కూడా పడుతుంది. ఇంట్లో మనం ఎప్పటిలాగే. వార్డులో మాత్రం నువ్వు ఆలస్యంగా వస్తే నేను రిజిస్టరులో రాయక తప్పదు." ముందుగా చెప్పిన మాటకు అలక రెండు రోజులే ఉంటుంది. చెప్పకుండా రాసిన రాత ఏళ్ళ తరబడి గుర్తుంటుంది.

మీకంటే సీనియర్ ఒకరు ఉండి, ఏదో కారణంగా ఆమెకు రాని పదవి మీకు వస్తే? ప్రైవేటు ఆసుపత్రులలో ఇంటర్వ్యూ పెట్టి తీసుకుంటారు గనుక ఇది తరచుగా జరుగుతుంది. ఆర్డరు చదివిన రోజే ఆమె దగ్గరకు వెళ్ళండి. జాలి చూపడానికి వెళ్ళకండి, అది ఇంకా బాధ. పని అడగడానికి వెళ్ళండి: "అక్కా, కొత్త పిల్లలకు ఐ.వి. పెట్టడం మీ అంత బాగా నేర్పేవారు లేరు. ఆ బాధ్యత మీరు తీసుకుంటారా?" అది నిజమై ఉండాలి సుమా. ముఖస్తుతిని సీనియర్లు వెంటనే పసిగడతారు.

ఇక్కడ మన కతోలికులకు చాలామందికి తెలియని ఒక సంగతి చెప్పాలి. 1854లో క్రిమియా యుద్ధానికి నైటింగేల్ తన వెంట తీసుకువెళ్ళిన 38 మంది నర్సులలో 10 మంది కతోలిక మఠకన్యలు. వారిలో లండన్ బెర్మాండ్సీ మఠం పెద్ద మదర్ మేరీ క్లేర్ మూర్ ఒకరు. ఆమె అంతకుముందే ఒక మఠాన్ని ఎన్నో ఏళ్ళు నడిపిన అనుభవం కలది. అయినా అక్కడ నైటింగేల్ కింద పనిచేసింది. 1856లో ఆమె ఆరోగ్యం చెడి తిరిగి వెళ్ళినప్పుడు, ఆ పెద్ద పదవికి తనకంటే ఆమే ఎక్కువ తగినదని నైటింగేల్ స్వయంగా ఆమెకు ఉత్తరం రాసింది. వారిద్దరి స్నేహం చివరిదాకా నిలిచింది. నైటింగేల్ సాధు స్వభావురాలేమీ కాదు, ఎంతోమందితో పోట్లాడింది. అటువంటి మనిషి తన కింద పనిచేసినవారి గురించి ఆ మాట కాగితం మీద పెట్టిందంటే ఆలోచించవలసిన విషయమే.

తప్పులను గురించి రెండు మాటలు. శిక్షణలో ఉన్న పిల్ల ఒక మంచానికి ఇవ్వవలసిన ఇంజెక్షన్ ఇంకొక మంచానికి ఇచ్చింది అనుకోండి. ఆమె వణుకుతూ మీ దగ్గరకు వచ్చి చెప్పింది. ఆ క్షణాన మీ ముఖం ఎలా ఉందో వార్డంతా చూస్తుంది. అందరి ఎదుట అరిచారా, ఆ పిల్ల మళ్ళీ తప్పు చేయదని హామీ ఏమీ లేదు, చేసినా మీకు చెప్పదన్నది మాత్రం ఖాయం. ముందు రోగిని చూడండి, డాక్టరుగారికి చెప్పండి, కేస్ షీటులో ఉన్నది ఉన్నట్లు రాయించండి. తరువాత ఆమెను గదిలోకి పిలిచి, ఎలా జరిగిందో అడగండి. ఒకే పేరు గల ఇద్దరు రోగులు పక్కపక్క మంచాల మీద ఉండి ఉండవచ్చు. అదే అయితే మార్చవలసినది మంచం. వార్డు వాట్సాప్ గ్రూపులో మందలించే అలవాటు ఈమధ్య మొదలైంది. దయచేసి ఆ పని చేయకండి.

పని పంచడం మనకు చేతకాదని కొందరు అంటారు. నిర్గమకాండం 18వ అధ్యాయంలో యిత్రో తన అల్లుడు మోషేను చూసి, ఉదయంనుంచి సాయంత్రందాకా నువ్వొక్కడివే తీర్పులు చెబుతూ కూర్చుంటే నువ్వూ అలసిపోతావు, ప్రజలూ అలసిపోతారని హెచ్చరించాడు. వేయిమందికి, నూరుమందికి, ఏభైమందికి, పదిమందికి నాయకులను పెట్టమన్నాడు. అల్లుడి పనిలో సలహా ఇచ్చే మామగార్లు ఎప్పుడూ ఉంటారు, విన్న అల్లుళ్ళే అరుదు. మన గుంటూరు సంగతే చూడండి. ఆస్ట్రేలియానుంచి 1920లో వచ్చిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ లెక్కలేనంతమంది రోగుల మధ్య మఠకన్య, వైద్యురాలు రెండూ తానే అయి పనిచేసింది. తన రెండు చేతులతో అయ్యే పని కాదని గ్రహించి, ఇక్కడి స్త్రీలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, నర్సు పని నేర్పింది. 1943లో ఆమే కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని ప్రారంభించింది. నేర్పడానికి పట్టే సమయంలో నేనే చేసేయవచ్చు కదా అని ఆమె అనుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

కుటుంబంలోని మిగిలినవారికి కూడా ఒక మాట. ఇన్‌చార్జికి సాధారణంగా పగటి డ్యూటీయే కనుక, ఇక అమ్మాయి ఇంటిపట్టున ఉంటుందని అత్తవారు సంతోషిస్తారు. పగటి డ్యూటీ మాట నిజమే. కానీ రాత్రి పదకొండుకు ఫోను మోగుతుంది, రేపటి నర్సు రాలేదనో, మందు స్టాకు లేదనో. మొదటి ఆరు నెలలు ఆమె చిరాకుగా ఉండవచ్చు. భర్తలు "ఇక్కడ కూడా ఆర్డర్లేనా మేడమ్?" అని వేళాకోళం చేయడం నేను చాలా ఇళ్ళల్లో విన్నాను. మొదటిసారి నవ్వు వస్తుంది, పదోసారి ఏడుపు వస్తుంది. ఆ ఆరు నెలలు సాయంత్రం వంట ఎవరు చేస్తారో, పిల్లల హోంవర్కు ఎవరు చూస్తారో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఆమె కూడా వార్డులోని రోగుల రహస్యాలను ఇంటి కబుర్లుగా చెప్పకుండా ఉండాలి. పక్కవీధి మనిషి జబ్బు మన వంటింట్లో తెలియకూడదు.

ఇక మొదటి రోజు. కొత్త చీరో, కొత్త యూనిఫారమో వేసుకుని నేరుగా కుర్చీలో కూర్చోకండి. అరగంట ముందే వెళ్ళండి. రాత్రంతా మేలుకున్న నర్సు పక్కన నిలబడి, మొదటి మంచంనుంచి చివరి మంచందాకా ఆమె హ్యాండింగ్ ఓవర్ ఇస్తుంటే వినండి, మధ్యలో అడ్డు రాకండి. అయిపోయాక ఆమెను అడగండి: "రాత్రి నీకు దేనికోసం వెతుక్కోవలసి వచ్చింది?" ఆమె చెప్పిన వస్తువు పేరు నోటుపుస్తకంలో రాసుకుని, ఆమెను ఆలస్యం చేయకుండా ఇంటికి పంపండి. ఆమె బస్సు వెళ్ళిపోతుంది.