చిన్న గృహ సముద్ర అక్వేరియంలో వేగంగా వ్యాపించే మెత్తని పగడాల యాజమాన్యం: నిజామాబాద్ - బోధన్ ప్రాంత పరిస్థితులు

చెరకు గట్లపై గరిక వ్యాపించే తీరును ఎరిగిన వారికి గ్రీన్ స్టార్ పాలిప్ అనే మెత్తని పగడం స్వభావాన్ని ప్రత్యేకంగా వివరించనవసరం లేదు. ఇది రాతిపై ఊదారంగు చాపలా పాకుతూ, అడుగడుగునా కొత్త పాలిప్‌లను లేపుతుంది. జీనియా అనే మరో రకాన్ని మొదలంటా కోసినా, రాతికి అంటుకొని మిగిలిన ముక్క నుండి కార్శి చెరకులా తిరిగి చిగురిస్తుంది. కెన్యా ట్రీ తన కొమ్మలను తానే రాల్చుకుంటుంది; అవి పడిన చోట ముచ్చెల వలె నాటుకుంటాయి. ఈ మూడూ అష్టబాహు పగడాల వర్గానికి చెందినవి. ప్రతి పాలిప్‌కు ఈకల వంటి ఎనిమిది స్పర్శకాలు ఉంటాయి. రాతి పగడాల వలె ఇవి గట్టి సున్నపు అస్థిపంజరాన్ని నిర్మించుకోవు. కణజాలంలో నివసించే ఏకకణ శైవలాల కిరణజన్య సంయోగక్రియ నుండి ఆహారంలో అధిక భాగాన్ని పొందుతాయి.

60 లీటర్ల తొట్టిలో వీటిని బతికించడం కంటే అదుపులో ఉంచడమే కష్టం. అయితే సముద్రానికి దూరంగా ఉన్న నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్ చెరకు ప్రాంతంలోనూ అంతకు ముందే ఎదురయ్యే సమస్య నీరు.

భర్తీ నీరు - నైట్రేట్

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. తొట్టి నుండి నీరు ఆవిరైనప్పుడు లవణాలు తొట్టిలోనే మిగులుతాయి కాబట్టి, తగ్గిన మేరకు మంచినీటిని మాత్రమే కలపాలి. తాగునీటిలో నైట్రేట్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన పరిమితి లీటరుకు 45 మి.గ్రా. నత్రజని ఎరువులు అధికంగా వాడే చెరకు, వరి భూముల మధ్య గల బోరుబావుల నీటిలో నైట్రేట్ ఈ పరిమితికి చేరే అవకాశం ఉంది. అటువంటి నీటిని వేసవిలో రోజుకు ఒక లీటరు చొప్పున కలిపితే నెలకు 1,350 మి.గ్రా. నైట్రేట్ చేరుతుంది. అంటే 60 లీటర్ల తొట్టిలో లీటరుకు 22 మి.గ్రా.కు పైగా పెరుగుతుంది. ఇంకా చేపల మేత లెక్కలోకి రానేలేదు. మనుషులు తాగడానికి పనికివచ్చే నీరు పగడాల తొట్టికి పనికిరాకపోవడం ఇక్కడే కనిపిస్తుంది.

కనుక ఆర్.ఓ. నీరు తప్పనిసరి. ఇళ్లలో వాడే అనేక శుద్ధి యంత్రాలు రుచి కోసం కొంత ముడి నీటిని శుద్ధి చేసిన నీటిలో కలుపుతాయి. ఆ ఏర్పాటును మూసివేయకపోతే ఆర్.ఓ. వాడినా ఫలితం అంతంత మాత్రమే.

చక్కెరతో చికిత్స

పెరిగిన నైట్రేట్‌ను తగ్గించడానికి కొందరు అక్వేరియం పెంపకందారులు తొట్టిలో చక్కెర, వెనిగర్ వంటి కర్బన పదార్థాలు వేస్తారు. కోస్తా రొయ్యల చెరువుల్లో బెల్లం, మొలాసిస్ వేసి బయోఫ్లాక్ పెంచే సూత్రమే ఇది. కర్బనం లభించినప్పుడు పరపోషక బ్యాక్టీరియా నీటిలోని నత్రజనిని తమ శరీర నిర్మాణానికి వాడుకుంటుంది. 1937లో స్థాపితమై 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారం ఉన్న బోధన్‌లో ఈ ఉపాయం సహజంగానే ఆకర్షిస్తుంది. కాని లెక్క వేసి చూడాలి.

లీటరుకు 20 మి.గ్రా. నైట్రేట్ ఉన్న 60 లీటర్ల నీటిలో నత్రజని సుమారు 271 మి.గ్రా. ఒక వంతు నత్రజనికి పది వంతుల కర్బనం అవసరమనుకుంటే 2.7 గ్రాముల కర్బనం కావాలి. చక్కెరలో కర్బనం 42 శాతం కాబట్టి దాదాపు 6.4 గ్రాముల చక్కెర, అంటే ఒకటిన్నర చెంచా. ఇందులో సగం శ్వాసక్రియలో దహనమైనా సుమారు 3.6 గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. 26 డిగ్రీల వద్ద 60 లీటర్ల సముద్రపు నీటిలో కరిగి ఉండేది 0.4 గ్రాములే. మొత్తం చక్కెరను ఒకేసారి వేస్తే నీరు పాలవలె తెల్లబడి, తెల్లవారేసరికి చేపలు తేలుతాయి. రాత్రి కరెంటు పోతే పరిస్థితి మరింత విషమిస్తుంది.

ఒకటిన్నర చెంచాను వారాల మీద పంచి, నురుగును వేరుచేసే స్కిమ్మర్‌తో బ్యాక్టీరియాను తొలగించగలిగితే పద్ధతి పనిచేస్తుంది. స్కిమ్మర్ లేని చిన్న తొట్టికి మాత్రం ఇది తగదు. వారానికి 10 లీటర్ల నీరు మార్చడం నిరాపాయం. పైగా జీనియా వంటి రకాలు కొద్దిపాటి నైట్రేట్ ఉన్న నీటిలోనే బాగా ఉంటాయి. పూర్తిగా సున్నాకు దించితే కుదించుకుపోవచ్చు. బెల్లం, మొలాసిస్‌లలో ఇతర లవణాలు, రంగు ఉంటాయి కనుక వాటి ఊసే వద్దు.

ఎండ

పగడాలకు 24 నుండి 27 డిగ్రీలు అనుకూలం. 30 దాటితే శైవలాలను కోల్పోయి తెల్లబడే ప్రమాదం ఉంది. నిజామాబాద్ వేసవిలో శీతల యంత్రం లేనివారికి నీటి ఉపరితలంపై వీచే చిన్న ఫ్యాన్ ఉపయోగపడుతుంది. విశాఖ వంటి తేమ గాలిలో కంటే తెలంగాణ పొడి ఎండలో ఇది మెరుగ్గా పనిచేస్తుంది. అయితే ఫ్యాన్ వల్ల ఆవిరి పెరుగుతుంది, దానితో భర్తీ నీటి అవసరం కూడా పెరుగుతుంది.

వ్యాప్తి నియంత్రణ

వేగంగా పాకే రకాన్ని ప్రధాన రాతికి తగలనివ్వరాదు. ఇసుకలో విడిగా ఉంచిన రాయిపై నాటి, చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. చాప అంచు రాతి దిగువకు చేరిన వెంటనే కత్తిరించాలి. తుంగను గొర్రుతో తెంచితే గడ్డలు చెల్లాచెదరై పొలమంతా పాకినట్లు, తొట్టి లోపలే గీకితే ముక్కలు నీటి ప్రవాహంతో అన్ని మూలలకు చేరతాయి. రాయిని వేరే పళ్లెంలోకి తీసి కోయడమే సరైన పద్ధతి. కొన్ని మెత్తని పగడాలు వయ్యారిభామ వలె పక్కవాటి ఎదుగుదలను అణచే రసాయనాలను విడుదల చేస్తాయి కాబట్టి ఉత్తేజిత బొగ్గును వాడి తరచు మార్చాలి. వీటితో పాటే అమ్మే జోయాంథిడ్‌లలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్ర విషం ఉంటుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయరాదు. అవి పెరిగిన రాళ్లను ఎట్టి పరిస్థితిలోనూ వేడినీటిలో మరిగించరాదు.

కొనేటప్పుడు చట్టాన్ని గమనించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, నిప్పు పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం 2001లో చేరాయి. 2022 సవరణలో షెడ్యూళ్లను మళ్లీ కూర్చారు. మెత్తని పగడం అని అమ్మేది నిజంగా ఏ జాతో తేలకుండా కొనరాదు.

కోసిన ముక్కలను ఏం చేయాలన్నది చిన్న విషయం కాదు. ఇండో-పసిఫిక్ ప్రాంతపు యునోమియా అనే జీనియా జాతి పగడం అక్వేరియం వ్యాపారం ద్వారా వెనెజువెలా తీరానికి చేరిందని భావిస్తున్నారు. అక్కడి మొచిమా జాతీయ వనంలో అది స్థానిక పగడాలను కప్పివేసింది. మంజీర, గోదావరుల మంచినీటిలో ఇవి బతకలేవు. కాని తీర పట్టణాలలోని మిత్రులకు ముక్కలు పంచుకునే వారికి ఈ అనుభవం వర్తిస్తుంది. ముక్కలను ఎండలో పూర్తిగా ఆరబెట్టి పూడ్చాలి.

ఈ ప్రాంతానికి అంతకంటే దగ్గరి ప్రమాదం మార్చిన ఉప్పునీరు. వారానికి 10 లీటర్లంటే 350 గ్రాముల లవణాలు, ఏడాదికి 18 కిలోలు. విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసైమెన్లు దాటితే నేలను లవణ నేలగా పరిగణిస్తారు. సముద్రపు నీటి విలువ 50కి పైనే. నిజాంసాగర్ ఆయకట్టులో పెరటి మొక్కలకు గాని, చెరకు కాలువలోకి గాని ఈ నీటిని పారబోయరాదు. పుష్కలంగా మంచినీరు కలిపి పట్టణ మురుగు కాలువలోకి వదలాలి.