కత్తికి తోలుపట్టె

మొద్దుకత్తి వలన ప్రమాదము లేదని కొందరు తలంతురు. నిజము వేరు. మొక్కవోయిన కత్తిని గట్టిగా నొక్కవలసివచ్చును. అది కాయపై జారి వ్రేలిని కోయును. కావున పదును నిలుపుకొను విధమును మేమిచ్చట వివరించెదము.

సానరాతిపై నూరినపుడు ఉక్కు అరిగి క్రొత్త వాదర యేర్పడును. కాని దాని యంచున మిక్కిలి సన్నని పొర యొకటి మడతపడి నిలిచియుండును. ఆ పొరను తొలగించి వాదరను నునుపుచేయునది తోలుపట్టె. మంగలివారు క్షౌరపుకత్తిని తోలుపై ఈడ్చుట ఇందులకే.

దళసరి తోలుముక్కను చెక్కపై అంటించి, బల్లమీద కదలకుండ నుంచవలెను. సానపై నూరిన కోణముననే కత్తిని తోలుపై ఆనింపవలెను. వంటకత్తులకు సామాన్యముగా నది 15 మొదలు 20 డిగ్రీలు. వెన్ను ముందుగా, వాదర వెనుకగా తేలికగా లాగవలెను. వాదర ముందు నడచినచో తోలు తెగును. కొసకు వచ్చిన పిదప వెన్నుమీదుగా త్రిప్పి, రెండవప్రక్క నటులే లాగవలెను. ప్రక్కకు పదిసార్లు చాలును. గట్టిగా నొక్కినచో తోలు క్రుంగి వాదర గుండ్రనగును.

పదును చూచుటకు బొటనవ్రేలు తగదు. కాగితమును కోసి చూడవలెను. పూర్తిగా మొద్దువారిన కత్తికి తోలుపట్టె చాలదు, మరల సానయే శరణ్యము. బాలబాలికలు పెద్దల యెదుటనే ఈ పని చేయవలెను.

మన సానరాతినే కన్నడమున సాణెకల్లు అందురు. “మొక్కవోని ధైర్యము” అను మన పలుకుబడియు వాదరను తలపించునదే. కత్తి నూరువేళ తలిదండ్రులు ఈ మాటలను బిడ్డలకు చెప్పినచో పనియు పలుకును రెండును నిలుచును.