ఇంటి కంప్యూటరు – ఎంపిక, సంరక్షణ

పాఠ్యభాగ పరిచయం

కంప్యూటరును తొలిసారి కొనదలచిన విద్యార్థికి, అతని కుటుంబానికి అవసరమైన ప్రాథమిక జ్ఞానాన్ని అందించడం ఈ పాఠం ఉద్దేశం. యంత్రాన్ని ఎంచుకొనే పద్ధతి, దానిని కాపాడుకొనే విధానం, అందులోని సమాచారాన్ని భద్రపరచవలసిన ఆవశ్యకత ఇందులో వివరించబడ్డాయి.

పాఠం

1946లో అమెరికాలో లోకానికి పరిచయమైన ‘ఎనియాక్’ అనే గణకయంత్రం ఒక పెద్ద గదిని ఆక్రమించింది. అందులో దాదాపు 18,000 వాక్యూం గొట్టాలు ఉండేవి. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థ 1970వ దశకంలో టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారుచేసింది. ఆనాడు అవి పరిశోధనాలయాలకు, పెద్ద సంస్థలకు పరిమితమైన యంత్రాలు. నేడు అంతకంటె ఎన్నో రెట్లు శక్తిగల యంత్రం సామాన్యుని ఇంట బల్లపై ఇమిడిపోతున్నది. అయినా మధ్యతరగతి కుటుంబానికి కంప్యూటరు నేటికీ చిన్న ఖర్చు కాదు. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్కరోజులో వెచ్చించవలసి వస్తుంది. కనుక ‘ఏది కొనాలి?’ అన్న ప్రశ్నకు ముందు ‘ఎందుకు కొనాలి?’ అన్న ప్రశ్నకు సమాధానం వెతుక్కోవాలి.

పాఠాలు చదువుకోవడం, వ్యాసాలు వ్రాసుకోవడం, ఇంటర్నెట్టు చూడడం వంటి పనులకు సాధారణమైన యంత్రం చాలు. చలనచిత్రాల కూర్పు, భవనాల నమూనాల చిత్రణ వంటి పనులకు మాత్రమే ఖరీదైన యంత్రం కావాలి. ఒకేచోట కూర్చొని పనిచేసేవారికి డెస్క్‌టాప్ అనుకూలం. దాని భాగాలను విడివిడిగా మార్చుకోవచ్చు. తెర పెద్దది కావడం వల్ల కంటికి సుఖం. వసతిగృహంలో ఉండే విద్యార్థికి వెంట తీసుకుపోగల లాప్‌టాప్ మేలు.

కొనుగోలు సమయంలో మూడు భాగాలను ప్రధానంగా పరిశీలించాలి. ప్రాసెసరు యంత్రానికి మెదడు వంటిది. ర్యామ్ అనేది పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని నిలుపుకొనే తాత్కాలిక స్థానం. విద్యుత్తు ఆగగానే అందులోనిది చెరిగిపోతుంది. మూడవది శాశ్వత నిల్వస్థానం. పాత పద్ధతి హార్డ్ డిస్కులో పళ్ళెం వంటి బిళ్ళలు తిరుగుతుంటాయి. ఎస్ఎస్‌డీలో కదిలే భాగాలుండవు. కనుక అది వేగంగా పనిచేస్తుంది, కుదుపులను తట్టుకొంటుంది. విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వస్థానం అవసరమని దాని తయారీదారులు నిర్ణయించారు. అయితే కనీసపు అర్హత వేరు, సుఖంగా పనిచేయడం వేరు. 8 గిగాబైట్ల ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రం విద్యార్థి అవసరాలకు తగినది.

తక్కువ ధరకు వస్తున్నదని వాడిన యంత్రాన్ని కొనేవారు మరొక విషయం గమనించాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లలో కొన్ని విండోస్ 11ను స్వీకరించలేవు. భద్రతా సవరణలు అందని యంత్రం తాళం లేని ఇంటి వంటిది. అటువంటి యంత్రంలో ఉచితంగా లభించే లినక్స్‌ను స్థాపించుకొని వాడుకోవచ్చు. కొత్తదైనా, పాతదైనా రసీదు, హామీపత్రం తప్పక తీసుకొని భద్రపరచాలి.

యంత్రానికి వేలు వెచ్చించి, దాని రక్షణకు వందలు వెచ్చించడానికి వెనుకాడడం ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లుంటుంది. కంప్యూటరును పెట్టే గదిలో మూడు రంధ్రాల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ లోపిస్తే విద్యుదాఘాతానికి అవకాశముంది. యూపీఎస్ విద్యుత్తు పోయిన తరువాత కొన్ని నిమిషాలు యంత్రాన్ని నిలబెడుతుంది. ఆ వ్యవధిలో పనిని భద్రపరచి యంత్రాన్ని ఆపివేయాలి. ఉరుములు, పిడుగుల వేళ స్విచ్చి ఆపడంతో సరిపోదు; ప్లగ్గును, ఇంటర్నెట్టు తీగను కూడ వేరుచేయాలి.

కంప్యూటరుకు వేడి, దుమ్ము ప్రధాన శత్రువులు. లోపలి ఫంకాపై దుమ్ము పేరుకొంటే గాలి ఆడదు. వేడి పెరిగి యంత్రం మందగిస్తుంది. లాప్‌టాప్‌ను పరుపుపై ఉంచితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. శుభ్రపరిచే ముందు విద్యుత్తును పూర్తిగా తొలగించి, మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. తడిగుడ్డను లోపలి భాగాలకు తగలనీయరాదు.

చెడిన యంత్రాన్ని బాగుచేయించవచ్చు. పోయిన సమాచారం మాత్రం తిరిగి రాకపోవచ్చు. ఈ సత్యాన్ని తెలుగు సాహిత్యచరిత్ర ఏనాడో బోధించింది. తాళపత్రాలు చెదలకు, తేమకు లోనై నశించేవి. వాటికి మరో ప్రతి ఉన్న కావ్యాలు నిలిచాయి; లేనివి అంతరించాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) కడపలో పండితులను నియమించి, గ్రంథాలను సేకరింపజేసి, శుద్ధప్రతులు వ్రాయించాడు. నన్నెచోడుని ‘కుమారసంభవం’ మానవల్లి రామకృష్ణకవి కృషివల్ల 1909లో వెలుగుచూసింది. నాటి లేఖకుడు గంటంతో చేసిన పనిని నేటి విద్యార్థి క్షణాలలో చేయగలడు. ముఖ్యమైన వ్రాతలకు, ధ్రువపత్రాలకు, కుటుంబ ఛాయాచిత్రాలకు కంప్యూటరులో కాక విడిగా మరో ప్రతి ఉంచుకోవాలి. ఆ ప్రతి వేరొక ఇంటిలోనో, ఇంటర్నెట్టు నిల్వస్థానంలోనో ఉంటే మరీ క్షేమం. డిస్కు చెడిన తరువాత విచారించడం ఇల్లు కాలుతుంటే బావి త్రవ్వినట్లే.

సంకేతపదాన్ని, ఫోనుకు వచ్చే ఓటీపీని ఎవరికీ తెలుపరాదు. మోసపోయి డబ్బు పోగొట్టుకొన్నవారు ఆలస్యం చేయక 1930 అనే జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేయాలి. పనికిరాని యంత్రాన్ని చెత్తకుప్పలో వేయరాదు. అందులోని సీసం వంటి పదార్థాలు నేలను, నీటిని కలుషితం చేస్తాయి. లోపలి సమాచారాన్ని తుడిచివేసి, గుర్తింపు పొందిన పునర్వినియోగ కేంద్రానికి అప్పగించాలి.

వివేకంతో ఎంచి, శ్రద్ధతో కాపాడుకొన్న యంత్రం ఏళ్ళ తరబడి సేవ చేస్తుంది. కష్టార్జితానికి సార్థకత అప్పుడే కలుగుతుంది.

కఠినపదాలు – అర్థాలు

ఆవశ్యకత = అవసరం
గంటం = తాటాకుపై వ్రాసే ఇనుప కలం
శుద్ధప్రతి = తప్పులు సవరించి వ్రాసిన ప్రతి
కష్టార్జితం = శ్రమపడి సంపాదించినది

సంధులు

పరిశోధన + ఆలయం = పరిశోధనాలయం – సవర్ణదీర్ఘ సంధి
విద్యుత్ + ఆఘాతం = విద్యుదాఘాతం – జశ్త్వ సంధి

ప్రశ్నలు

1. కంప్యూటరు కొనేముందు పరిశీలించవలసిన అంశాలను వివరించండి.
2. తాళపత్ర గ్రంథాల చరిత్ర కంప్యూటరు వాడేవారికి నేర్పే పాఠమేమిటి?
3. ర్యామ్‌కు, శాశ్వత నిల్వస్థానానికి గల భేదం తెలపండి.
4. పిడుగుల వేళ తీసుకోవలసిన జాగ్రత్తలేవి?